అప్‌డేటూ, అవ్వ బొటనవేలూ

నాకు అనుమానం ఎక్కువ. పాలుపోసే ఆమె చెంబు కాస్త వంచిందంటే నీళ్లు కలిపిందేమో అనుకుంటాను. బస్సులో పక్క సీటావిడ నా సంచి వైపు రెండుసార్లు చూస్తే, మూడోసారి చూసేలోగా దాన్ని ఒళ్లోకి లాక్కుంటాను. పెళ్లై వేంసూరు నుంచి చండ్రుగొండకు వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్లు నా మాటలు విని నవ్వేవాళ్లు. నవ్వు నా యాసకా, నాకా అని నెల రోజులు ఆలోచించాను. "అనుమానం పెనుభూతం" అని మా ఆయన దెప్పుతాడు. ఆ భూతం కాపలా ఉండబట్టే నా దుకాణం ఇన్నేళ్లు నడిచిందని నేనంటాను.

నాది రోడ్డు మీద ఆన్‌లైన్ సెంటరు. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, జిరాక్స్ మిషను, వేలిముద్ర తీసే చిన్న డబ్బా, జనం కూర్చోడానికి ఒక బల్ల. చుట్టుపక్కల అడవి పల్లెల వాళ్ల కాగితాలన్నీ నా టేబుల్ మీదుగానే పోతాయి. కాగితం దగ్గర అనుమానం ఉండి తీరాలి. ఒకరి తండ్రి పేరు ఇంకొకరికి పడితే ఆ మనిషి ఆర్నెల్లు ఆఫీసుల చుట్టూ తిరగాలి. అందుకే ప్రతిదీ రెండుసార్లు చూస్తాను, మూడోసారి ఆ మనిషినే చూడమంటాను.

ఇక కంప్యూటరు విషయానికొస్తే, నా అనుమానమంతా అప్‌డేట్ల మీద. తెర మూలన ఒక పెట్టె తెరుచుకుంటుంది. చిన్న అప్‌డేట్ వచ్చింది, ఇప్పుడు వేసుకుంటారా, తర్వాత వేసుకుంటారా అని అడుగుతుంది. మహా మర్యాదగా అడుగుతుంది. అంత మర్యాద చూపించేవాళ్లను నేను నమ్మను. బాగా నడుస్తున్న వస్తువును బాగుచేస్తామని ఎవరైనా పనిగట్టుకుని ఎందుకొస్తారు? ఏం మారుస్తారయ్యా అంటే "కొన్ని మెరుగులు" అంటారు. ఆ మెరుగులేమిటో చెప్పరు. ఒకసారి అలాగే వేసుకుంటే ఎడమ మూలన ఉండే బొమ్మలన్నీ మధ్యకొచ్చి కూర్చున్నాయి. ఇంకోసారి ప్రింటరు మూడు రోజులు అలిగింది. అప్పటినుంచి ఆ పెట్టె కనబడితే చాలు, చదవకుండానే "తర్వాత" నొక్కేస్తున్నాను. అలా నొక్కీ నొక్కీ ఆర్నెల్లు గడిపాను.

ఇప్పపూలు రాలే రోజుల్లో ఒక సంత నాడు మధ్యాహ్నం ఒక అవ్వ వచ్చింది. కోయవాళ్ల అవ్వ, అడవి అంచు పల్లె నుంచి. ఆటో దొరికేదాకా నడిచి, ఆ తర్వాత ఆటోలో వచ్చింది. గుడ్డసంచిలోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోంచి పోడు పట్టా తీసి నా ముందు పెట్టింది. అడవి పక్కన మొగుడూ పెళ్లాలు ఏళ్ల తరబడి దున్నుకున్న చెలకకు వచ్చిన కాగితం అది. ఉన్నది మొగుడి పేరు మీద. ఆయన కిందటి వానాకాలం పోయాడు. ఇప్పుడది ఆమె పేరు మీదికి మారాలి. దానికి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టాలి, దరఖాస్తుకు ఆమె వేలిముద్ర పడాలి, అదీ ఆ నెలాఖరులోపే.

"మారకపోతే ఏమవుద్ది అవ్వా?" అని అడిగాను.

"తొలకరికి ఫారెస్టోళ్లు నాగలి కట్టనియ్యరు బిడ్డా. కాగితం ఉన్నోడు పాయె, నువ్వెవరు అంటరు. ఇప్పటికే అడుగుతుండ్రు."

దరఖాస్తు నింపాను. మరణ ధ్రువపత్రం అప్‌లోడ్ చేశాను. ఇక వేలిముద్రే మిగిలింది. సరిగ్గా అప్పుడు కంప్యూటరు తెర నీలంగా మారి, చిన్న చుక్కలు గుండ్రంగా తిరగడం మొదలైంది. అప్‌డేట్ జరుగుతోంది, ఆపవద్దు అని రాసి ఉంది. నాకు ఒళ్లు మండింది. నేను వేసుకోమనలేదు, మరి ఇదెలా మొదలైంది? బల్ల మీద సంతకొచ్చిన జనం నలుగురైదుగురు ఉన్నారు, అందరూ తెర వంక చూస్తున్నారు. ముప్పావుగంట అలాగే తిరిగింది.

"ఏమైంది బిడ్డా?" అంది అవ్వ.

"ఏం లేదవ్వా. లోపల ఏదో కొత్తది వేసుకుంటోంది."

"కొత్తదా. ముందుగాల ఎవరు తిన్నరు?"

నాకు అర్థం కాలేదు. అవ్వ ఓపిగ్గా చెప్పింది. వాళ్ల ఊళ్లో కొత్తగా ఏది వచ్చినా, ఇప్పపువ్వు కానీ మామిడికాయ కానీ చిక్కుడుకాయ కానీ, పండుగ చేసేదాకా ఎవరూ నోట పెట్టరు. ముందు దేవతకు పెడతారు, పూజ చేసే పెద్దమనిషి తింటాడు, ఆ తర్వాతే ఊరు ముడుతుంది.

"ఒకరు తిని సూడకుండ అందరికి పెట్టుడు ఏంది బిడ్డా? కొత్తదాయె గద."

నేను నవ్వాను. "కంప్యూటర్లకు అట్లాంటివేమీ ఉండవు అవ్వా" అన్నాను. బల్ల మీదివాళ్లు కూడా నవ్వారు. ఆ నవ్వు తల్చుకుంటే ఇప్పుడు నాకే సిగ్గుగా ఉంటుంది.

తెర తిరిగి వచ్చింది. వేలిముద్ర డబ్బాలో ఎర్ర దీపం వెలిగింది. అవ్వ కుడి బొటనవేలు పెట్టింది. ముద్ర స్పష్టంగా లేదు, మళ్లీ ప్రయత్నించండి అంది. చేతులు కడుక్కుని పెట్టింది, కొంగుతో తుడిచి పెట్టింది, ఎడమ బొటనవేలు పెట్టింది, చూపుడు వేళ్లు పెట్టింది. ఒక్కటీ పడలేదు. నాకు మిషను మీద అనుమానం వచ్చింది. నా వేలు పెట్టి చూశాను, టక్కున పచ్చ దీపం వెలిగింది. బల్ల మీద ఒక పంతులుగారుంటే ఆయన్నీ పెట్టమన్నాను. ఆయనదీ పడింది. ఇంకేముంది, తీర్పు చెప్పేశాను.

"మిషను బాగానే ఉంది అవ్వా. నీ వేలే ఖరాబైంది. గీతలన్నీ అరిగిపోయినయి" అన్నాను, అందరికీ వినబడేలా. "కొన్నాళ్లు ఆ వేలికి పని చెప్పకు. గీతలొస్తాయి. అప్పుడు రా."

ఇది నేను కల్పించి చెప్పిన మాట కాదు. మిరపకాయలు కోసే కాలంలో పెనుబల్లి వైపు చేలకు పోయొచ్చే కూలీలకు కూడా ఇదే చెబుతాను. వారం పదిరోజులాగి వస్తే కొందరికి పడుతుంది కూడా. అవ్వ తన వేలిని వెలుగులో పెట్టి తిప్పి తిప్పి చూసుకుంది. పట్టాను కవర్లో పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలో ఇంకో ఇద్దరు కూలీల వేళ్లు కూడా పడలేదు. ఇక నా బుర్రలో భూతం నిద్రలేచింది. ఆ అప్‌డేట్ నేను వేయలేదు. అయితే వేసిందెవరు? సంతకు రెండు రోజుల ముందు భాయ్ వచ్చి కంప్యూటరు ఫ్యాను శుభ్రం చేసి పోయాడు. నేను అన్నానికి ఇంటికెళ్లినప్పుడు అరగంట ఒక్కడే దాని ముందు కూర్చున్నాడు.

భాయ్ దుకాణం మా వెనక సందులో. వాళ్ల తాత గడియారాలు బాగుచేశాడు, నాన్న రేడియోలు బాగుచేశాడు, ఈయన ఫోన్లు, కంప్యూటర్లు, టార్చిలైట్లు అన్నీ చేస్తాడు. పదేళ్లుగా నా మిషన్లన్నీ ఆయన చేతి మీదే నడుస్తున్నాయి. రోజూ సాయంత్రం మా దుకాణానికొచ్చి చాయ్ తాగేవాడు. ఆ మధ్య రావడం మానేశాడు. రంజాన్ నెల, ఉపవాసంలో ఉన్న మనిషి చాయ్‌కి ఎందుకొస్తాడు? అది నాకు తెలియంది కాదు. అయినా ముఖం చాటేస్తున్నాడనే అనుకున్నాను.

ఒకరోజు రోడ్డు మీద ఎదురైతే మెల్లగా కదిపాను. "భాయ్, మొన్న ఫ్యాను తుడిచేటప్పుడు ఇంకేమన్నా నొక్కినవా?"

"లేదక్కా. దుమ్ము దులిపిన, గంతే."

"లోపల ఏం మార్చలేదు కదా?"

"దుమ్ము దులిపిన గంతేనక్కా" అన్నాడు మళ్లీ.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఆ రెండోసారి ఎందుకన్నాడు అనుకున్నాను. రెండోసారి అడిగింది నేనే అన్న సంగతి నాకు తట్టలేదు. రిపేరు పని అంటేనే అంత, ఒకటి బాగుచేసి ఇంకోటి వదులు చేసి పోతారని దుకాణానికొచ్చిన ఒకరిద్దరి దగ్గర అన్నాను. మన ఊళ్లో మాటకు కాళ్లుంటాయి. సందు తిరిగి ఆయన దాకా పోయింది. ఆ తర్వాత రోడ్డు మీద కనబడ్డా తల తిప్పుకుని పోయేవాడు. చూశావా, తప్పు చేసినవాడే తల తిప్పుకుంటాడు అనుకున్నాను.

కొత్తగూడెంలో ఇంకో రిపేరాయనకు ఫోన్ చేశాను. రేపు వస్తానన్నాడు. ఆ రేపు రాలేదు. భాయ్‌ని పిలవడానికి మాత్రం నాకు మనసొప్పలేదు.

పది రోజులకు అవ్వ మళ్లీ వచ్చింది. కుడి బొటనవేలికి పాత చీర పీలిక చుట్టి ఉంది.

"దెబ్బ తగిలిందా అవ్వా?"

"దెబ్బ గాదు. నువ్వే చెప్తివి గద, పని చెప్పొద్దని. గీ ఏలిని దేనికి ముట్టనిస్తలేను."

చుట్టు మీద చుట్టు విప్పుతూ చెప్పింది. ఇప్పపూలు నాలుగు వేళ్లతోనే ఏరుతోంది. తెల్లారకముందే టార్చిలైటు పెట్టుకుని చెట్టు కిందికి పోతుంది. ఎండ ఎక్కేలోగా మిగతా ఆడవాళ్లవి రెండేసి గంపలు నిండుతుంటే తనది ఒకటి నిండడమే కష్టంగా ఉంది. బొటనవేలు లేకుండా పువ్వు చేతికి అందదు, అందినా జారిపోతుంది. ఏడాదిలో పూలు రాలి పడేది ఆ కొన్ని రోజులే. అన్నం కూడా గంటెతో తింటోందట. గుడ్డ లోపలి వేలు తెల్లగా, నీళ్లలో నానినట్టు మెత్తబడి ఉంది.

డబ్బా మీద పెట్టింది. ముద్ర స్పష్టంగా లేదు. మళ్లీ పెట్టింది. లేదు.

"ఇంకొన్ని రోజులు ఓపిక పట్టు అవ్వా" అన్నాను. "కొద్దిగా తేలుతున్నాయి గీతలు." ఎక్కడ తేలుతున్నాయో నాకే తెలియదు. ఆమె పీలికను మళ్లీ వేలికి చుట్టి, ఒక కొస పళ్లతో పట్టుకుని ముడి వేయబోతే కుదరలేదు. నేనే చెయ్యి చాపి గట్టిగా ముడి వేసి పంపాను.

గడువుకు ఇంకా నాలుగు రోజులుందనగా ఒక మధ్యాహ్నం భాయ్ నా దుకాణం మెట్లెక్కాడు. వెనక అవ్వ ఉంది. ఆయన ముఖంలో నవ్వు లేదు.

"అవ్వ టార్చిలైటు బాగుచేపిచ్చుకోనికొచ్చింది. ఏలికి గుడ్డ ఏందంటే గిట్ల గిట్ల అని చెప్పింది. మీరు నన్ను ఏమన్న అనుకోండ్రి అక్కా. గని ఆమె పని ఆగొద్దు. జర జరుగుండ్రి, సూస్త."

నేను జరిగాను. ఆయన కూర్చుని, ఎప్పుడు ఏ అప్‌డేట్ పడిందో చూపించే పట్టిక తెరిచాడు. అలాంటిది ఒకటుంటుందని నాకప్పటిదాకా తెలియదు. సంత రోజు తేదీ, మధ్యాహ్నం ఒంటిగంట దాటాక అని ఉంది.

"నేనొచ్చి పోయిన రెండ్రోజులకు పడింది అక్కా ఇది. ఈ టైముకు మిషను ముందల ఎవరున్నరు?"

"నేనే ఉన్నా. కానీ నేను నొక్కలేదు. నేనెప్పుడూ 'తర్వాత' అనే నొక్కుతా."

బల్ల మీద కూర్చున్న అవ్వ అంది: "నొక్కినవ్ బిడ్డా. నీకు పోను వచ్చింది. మాట్లాడుకుంటనే, ఈగను తోలినట్టు తోలినవ్ దాన్ని. గప్పుడే గద తెర నీలమైంది."

అప్పుడు గుర్తొచ్చింది. మా చెల్లెలు వేంసూరు నుంచి ఫోన్ చేసింది. చెవికీ భుజానికీ మధ్య ఫోన్ ఇరికించుకుని మాట్లాడుతూ, తెర మీదికి అడ్డంగా వచ్చిన పెట్టెను వదిలించుకుందామని చదవకుండానే నొక్కాను. ఎప్పుడూ ఉండే చోట ఆరోజు "తర్వాత" లేదేమో, నేనే చూడలేదేమో. ప్రతి కాగితం రెండుసార్లు చూసేదాన్ని అదొక్కటీ ఒక్కసారైనా చూడలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. అవ్వ మాత్రం మొదటి రోజే చూసింది, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

భాయ్ నాకు మాత్రమే వినబడేలా చెప్పాడు. వేలిముద్ర డబ్బాతో కంప్యూటరు మాట్లాడటానికి లోపల ఒక చిన్న ప్రోగ్రాం ఉంటుందట. అప్‌డేట్ దాన్ని తీసేసి తనది పెట్టింది. దానితో నాలాంటివాళ్ల మెత్తటి వేళ్లు పడతాయి, పని చేసిన వేళ్లు పడవు. ఆయన పది నిమిషాల్లో పాతదాన్ని తిరిగి పెట్టాడు. నాలుక ఎండిపోయి పెదాలు తడుపుకుంటున్నాడు, అయినా మధ్యలో లేవలేదు.

"రా అవ్వా" అన్నాడు.

అవ్వ పీలిక విప్పి కుడి బొటనవేలు పెట్టింది. మొదటిసారికే పచ్చ దీపం వెలిగింది. దరఖాస్తు వెళ్లిపోయింది, ప్రింటరులోంచి రసీదు బయటికొచ్చింది. అవ్వ ముఖం విప్పారింది.

"గుడ్డ పని చేసింది బిడ్డా. నువ్వు చెప్పిన ఉపాయం మంచిది" అంది నాతో.

నేను అక్కడే ఊరుకోవచ్చు. ఆమె పని అయింది, పైగా నన్ను మెచ్చుకుంది. భాయ్ నా వైపు చూశాడు. కానీ నా బుద్ధి నాకు తెలుసు కదా. నిజంగా గుడ్డేనేమో, వేలిదే తప్పేమో అని లోపల ఒక మూల ఇంకా ఆశగా ఉంది. తేల్చుకోకపోతే నాకు అన్నం సహించదు.

"ఆ ఎడమ చెయ్యి కూడా ఒకసారి పెట్టు అవ్వా."

ఆ బొటనవేలు ఇప్పపూల జిగురుతో నల్లబడి, చివర పగిలి ఉంది. ఇన్నాళ్లూ కుడి బొటనవేలి పని కూడా అదే చేసింది. సంత రోజున అది కూడా పడలేదు. ఇప్పుడు పెట్టీ పెట్టగానే పచ్చ దీపం వెలిగింది.

అవ్వ దీపాన్ని చూసింది. రెండు బొటనవేళ్లనూ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంది. ఎడమదాన్ని నా వైపు చాపి అంది: "గీ ఏలికి నేను గుడ్డ కట్టలే గద బిడ్డా."

"కట్టలేదవ్వా" అన్నాను. "గుడ్డ వల్ల కాదు. ఆరోజు కంప్యూటరు కొత్తది వేసుకుంది చూడు, దానికి నీ వేలు తెలియలేదు. అది వేసింది నేనే. నీ వేలిది తప్పేం లేదు."

"ముందుగాల ఎవరు తిని సూడకపోతిరి" అంది, తనలో తాను అనుకున్నట్టు.

ఆమె తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నా చేతి తప్పును ఆమె వేలి మీద పెట్టి, ఆ వేలికి నా చేత్తోనే ముడి కూడా వేశాను. ఆమె సగం పూలు నేలపాలయ్యాయి. అవి మళ్లీ ఏడాదికి గానీ రాలవు.

"గట్లయితే నా ఏలు మంచిదే" అంది అవ్వ.

"మంచిదే అవ్వా."

"ఆరోజు అందరి ముందట అన్నవ్ బిడ్డా, ఖరాబైందని. గిప్పుడు గూడ అందరి ముందట చెప్పు."

గొంతు పెంచి అనలేదు. ఇవ్వాల్సిన రసీదు అడిగినట్టు అడిగింది. బల్ల మీద జిరాక్సులకొచ్చినవాళ్లు ముగ్గురున్నారు. నేను కుర్చీలోంచి లేచాను. ఇన్నేళ్లలో ఆ టేబుల్ ముందు లేచి నిలబడి మాట్లాడింది అదే మొదటిసారి.

"ఈ అవ్వ వేలు మంచిదే. నేనే తప్పు చెప్పాను. మిషను పాడుచేసింది కూడా నేనే, భాయ్ కాదు" అన్నాను.

ముగ్గురూ నా వంక వింతగా చూశారు. భాయ్ తల వంచుకుని టార్చిలైటును రెండుసార్లు వెలిగించి ఆర్పి, అవ్వ చేతికిచ్చాడు. అవ్వ రసీదును పట్టాతో పాటు కవర్లో పెట్టుకుంది. పీలికను దులిపి, మడిచి, అది కూడా సంచిలో వేసుకుంది.

"ఇంగో నాలుగొద్దులు రాలుతయ్ పూలు" అంది మెట్లు దిగుతూ. "అయిదు వేళ్లతోటి ఏరుకుంట."